ప్రేగులోని హిస్టమిన్, నాలుగవ గ్రాహకము: ఒక పరిశోధనపై విమర్శ

కడుపులో నొప్పి, ఉబ్బరము, కొన్నినాళ్ళు విరేచనములు, కొన్నినాళ్ళు మలబద్ధము - ఇట్టి బాధతో ఏండ్లతరబడి వైద్యులచుట్టు తిరుగువారు ప్రతి ఊరిలోను కలరు. వారి రక్తమును పరీక్షించిన దోషము కనబడదు. ప్రేగులోనికి గొట్టము పంపి చూచినను పుండుగాని, కంతిగాని కానరాదు. అందుచే 'నీకు జబ్బేమియు లేదు, అంతయు మనోవ్యాకులమే' యని చెప్పి పంపివేయుట చాలకాలముగా పరిపాటియై యున్నది. వైద్యశాస్త్రమున ఈ స్థితికి ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్ అని పేరు, పొట్టిగా ఐ.బి.ఎస్. అందురు. తెలుగులో 'ప్రేగు చికాకు వ్యాధి' యనవచ్చును.

కనబడని ఈ బాధకు కంటికి కనబడు కారణమును చూపితిమని 2022 జులైలో కెనడా శాస్త్రజ్ఞులు కొందరు ఒక పరిశోధనపత్రమును ప్రకటించిరి. హామిల్టన్ నగరములోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయమునకు చెందిన జియాడా డి పాల్మా, ప్రేమిస్ల్ బెర్చిక్ మొదలగువారును, కింగ్‌స్టన్ నగరములోని క్వీన్స్ విశ్వవిద్యాలయమునకు చెందిన స్టీఫెన్ వానర్ మొదలగువారును ఇందు పాల్గొనిరి. కొందరు రోగుల ప్రేగులలో నివసించు ఒక సూక్ష్మజీవి హిస్టమిన్ అను పదార్థమును విస్తారముగా తయారుచేయుచున్నదనియు, ఆ హిస్టమిన్ 'నాలుగవ గ్రాహకము'ద్వారా నొప్పిని పెంచుచున్నదనియు వారి సిద్ధాంతము. ఈ సిద్ధాంతము ఎంతవరకు నిలుచును? రోగులు దీనినుండి ఏమి ఆశింపవచ్చును? ఏమి ఆశింపరాదు? ఈ ప్రశ్నలను విచారించుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

పాత ప్రశ్న

హిస్టమిన్ అనగానే మనకు దద్దురులు, తుమ్ములు, వానికి వేసికొను సెట్రిజిన్ బిళ్ళలు జ్ఞప్తికి వచ్చును. కాని ఈ పదార్థముయొక్క చరిత్ర సూక్ష్మజీవులతోడనే మొదలైనదని చాలమంది యెరుగరు. మాంసకృత్తులలో హిస్టిడిన్ అను ఆమ్లము కలదు. దాని అణువునుండి బొగ్గుపులుసు వాయువును తొలగించినచో మిగులునది హిస్టమిన్. ఈ మార్పును బాక్టీరియములు చేయగలవని 1910లో జర్మనీ దేశీయుడగు ఆకర్‌మన్ చూపెను. ఆ సంవత్సరముననే ఇంగ్లండులో హెన్రీ డేల్, లెయిడ్‌లా అనువారు హిస్టమిన్ జంతుశరీరముపై చూపు ప్రభావములను వర్ణించిరి. 1911లో బార్జర్, డేల్ అనువారు ప్రేగు లోపలిపొరనుండి ఈ పదార్థమును వేరుచేసిరి.

అక్కడనే ఒక చిక్కు వచ్చినది. ప్రేగు నిండ సూక్ష్మజీవులే కదా! ఆ హిస్టమిన్ శరీరము తయారుచేసినదా, లేక సూక్ష్మజీవులు తయారుచేసినదా? ఈ సందేహము పదునారు సంవత్సరములు తీరలేదు. 1927లో బెస్ట్, డేల్, డడ్లీ, థార్ప్ అనువారు అప్పుడే తీసిన కాలేయమునుండియు, ఊపిరితిత్తులనుండియు హిస్టమిన్‌ను రాబట్టి, అది శరీరములో సహజముగా నుండు పదార్థమేయని నిర్ధారించిరి. అప్పటినుండి పరిశోధకుల దృష్టి శరీరమువైపు మరలినది. సూక్ష్మజీవుల పాత్ర మరుగునపడినది. ఇప్పుడు కెనడావారు చేసినది క్రొత్త ప్రశ్న వేయుట కాదు, మూలకు నెట్టబడిన పాత ప్రశ్నను మరల వెలుగులోనికి తెచ్చుట. ఇది వారి పనికి లోపము కాదు, గౌరవమే.

ఒకే పదార్థము, నాలుగు గ్రాహకములు

హిస్టమిన్ తనంతట తాను ఏ పనియు చేయదు. కణముల ఉపరితలముపై దానిని పట్టుకొను ప్రత్యేకమైన మాంసకృత్తులు గలవు. వానిని గ్రాహకములు అందురు. గ్రాహకమునకు హిస్టమిన్ తగులుకొనినప్పుడు కణములోపల మార్పులు కలుగును. ఏ గ్రాహకమునకు తగులుకొనినదను దానినిబట్టి ఫలితము మారును.

హిస్టమిన్‌ను అడ్డగించు మందులను 1937 ప్రాంతమున పారిస్ నగరములో డానియెల్ బోవే, ఆన్-మారీ స్టౌబ్ అనువారు మొదట కనుగొనిరి. బోవే 1957లో నోబెల్ బహుమానము పొందెను. ఈ మందులు దద్దురులను తగ్గించినవిగాని, హిస్టమిన్‌వలన ఊరు జీర్ణకోశపు ఆమ్లమును తగ్గింపలేకపోయినవి. అనగా గ్రాహకము ఒకటి కాదు, వేరొకటి కూడ ఉండవలెను. 1966లో ఆష్, షిల్డ్ అనువారు మొదటి గ్రాహకమును నిర్వచించిరి. 1972లో జేమ్స్ బ్లాక్ బృందము రెండవదానిని నిరూపించినది. దాని ఫలితముగానే సిమెటిడిన్ వంటి కడుపుపుండు మందులు వెలసినవి. బ్లాక్‌కు 1988లో నోబెల్ బహుమానము లభించెను. 1983లో ఫ్రెంచి శాస్త్రజ్ఞులు మెదడులో మూడవ గ్రాహకమును కనుగొనిరి. మానవుని జన్యువుల పట్టిక సిద్ధమగుచున్న కాలములో, 2000 ప్రాంతమున, పలు ప్రయోగశాలలు ఇంచుమించు ఒకేసారి నాలుగవ గ్రాహకమును బయటపెట్టినవి.

ఈ నాలుగవ గ్రాహకము ముఖ్యముగా శరీరరక్షణకు సంబంధించిన కణములపై నుండును. వానిలో మాస్ట్ కణములు ముఖ్యమైనవి. ఇవి తమలో హిస్టమిన్‌ను రేణువుల రూపమున దాచుకొని, సమయము వచ్చినపుడు బయటికి చిమ్మును. నాలుగవ గ్రాహకము ప్రేరేపింపబడినచో మాస్ట్ కణములు హిస్టమిన్ ఎక్కువగా నున్న తావునకు కదలివచ్చునని 2003లోనే తెలిసినది. కెనడావారి సిద్ధాంతమునకు ఇది పునాది.

వారు చేసినదేమి?

ముందుగా 2017లో క్వీన్స్ విశ్వవిద్యాలయమువారు ప్రచురించిన ఒక పరీక్షను చెప్పవలెను. వారు 40 మంది ఐ.బి.ఎస్. రోగులను చీటీవేసి రెండు భాగములు చేసి, ఒక భాగమునకు ప్రేగులో సులభముగా పులియు పిండిపదార్థములు, చక్కెరలు తక్కువగా నున్న ఆహారమును, రెండవ భాగమునకు అవి ఎక్కువగా నున్న ఆహారమును మూడు వారములు ఇచ్చిరి. 37 మంది చివరివరకు నిలిచిరి. పులియు పదార్థములు తగ్గించినవారికి బాధ తగ్గుటయేగాక, మూత్రములోని హిస్టమిన్ ఎనిమిదవ వంతునకు దిగినది. తిండి మార్చినచో హిస్టమిన్ ఎందులకు తగ్గవలెను? ఈ విడ్డూరమే తరువాతి పరిశోధనకు బీజమైనది.

2022 నాటి పత్రములో పరిశోధకులు రోగులను రెండు తరగతులుగా చూచిరి: మూత్రములో హిస్టమిన్ ఎక్కువగా నున్నవారు, తక్కువగా నున్నవారు. పుట్టుకనుండి ఏ సూక్ష్మజీవియు సోకకుండ పెంచిన చిట్టెలుకలకు వీరి మలములోని సూక్ష్మజీవులను ఎక్కించిరి. హిస్టమిన్ ఎక్కువగా నున్న రోగుల సూక్ష్మజీవులు చేరిన ఎలుకల ప్రేగులు నొప్పికి అతిసున్నితములైనవి. పెద్దప్రేవులో మాస్ట్ కణములు గుమిగూడినవి. ఆ ఎలుకలకే పులియు పిండిపదార్థములు తగ్గించి మేత పెట్టగా, నొప్పియు తగ్గినది, మాస్ట్ కణములును తగ్గినవి.

తరువాత గాజుపాత్రలలో పరీక్షింపగా, హిస్టమిన్ ఎక్కువగల రోగుల సూక్ష్మజీవులే ఆ పదార్థమును విస్తారముగా తయారుచేసినవి. తయారుచేయువానిలో ముఖ్యమైనది క్లెబ్సియెల్లా ఏరోజినిస్. (పాత పాఠ్యపుస్తకములలో ఎంటరోబాక్టర్ ఏరోజినిస్ అని చదివినవారికి ఇది ఆ జీవియే, 2017లో పేరు మారినది.) హిస్టిడిన్‌ను హిస్టమిన్‌గా మార్చు ఎంజైముయొక్క జన్యువు దీనిలో ఒక ప్రత్యేక రూపమున నున్నది. మూడు వేర్వేరు రోగిసమూహములలో ఈ జీవి ఆరోగ్యవంతులలోకంటె అధికముగా కనబడినది. చివరగా, నాలుగవ గ్రాహకమును అడ్డగించు మందును ఎలుకలకు ఇచ్చినపుడు నొప్పియు, మాస్ట్ కణముల గుంపును తగ్గినవి.

గుణములు

ఈ పనిలో మెచ్చదగినవి మూడు గలవు. సూక్ష్మజీవులపై ఈ కాలమున వెలువడుచున్న పత్రములలో పెక్కు, 'ఈ జబ్బు గలవారిలో ఈ జీవి యెక్కువ, ఆ జీవి తక్కువ' యని జాబితాలు వ్రాసి ఊరకుండును. జాబితా కారణము కాదు. కెనడావారు జాబితాతో తృప్తిపడక, జీవి, అది చేయు పదార్థము, ఆ పదార్థమును పట్టు గ్రాహకము, గ్రాహకమువలన కదలు కణము, ఆ కణమువలన కలుగు నొప్పి - ఈ గొలుసులోని ఒక్కొక్క లంకెను వేరువేరుగా తాకి చూచిరి. ఇది మొదటి గుణము.

రెండవది, వారు రోగులందరిని ఒకే గాటకట్టలేదు. ఐ.బి.ఎస్. అనునది లక్షణములనుబట్టి పెట్టిన పేరు. లోపలి కారణములు పలువిధములై యుండవచ్చును. హిస్టమిన్ తక్కువగల రోగుల సూక్ష్మజీవులు ఆ పదార్థమును విస్తారముగా చేయలేదని చూపుటద్వారా, తమ సిద్ధాంతము అందరికి వర్తింపదని వారే ఒప్పుకొనిరి. ఈ నిజాయితీ శాస్త్రమునకు అలంకారము.

మూడవది, తిండికిని నొప్పికిని గల సంబంధమునకు ఒక యుక్తమైన మార్గము దొరకినది. పిండిపదార్థములు పులిసినపుడు ఆమ్లములు పుట్టును. ఆమ్లమునుండి తమ్ము తాము రక్షించుకొనుటకు పెక్కు బాక్టీరియములు హిస్టిడిన్ వంటి ఆమ్లములను అమీనులుగా మార్చుకొనును. ఆ మార్పులో కొంత ఆమ్లగుణము ఖర్చగును. అనగా మనకు నొప్పి కలిగించు హిస్టమిన్ ఆ జీవికి ఆత్మరక్షణమునుండి వచ్చు ఫలితము కావచ్చును. మనలను బాధింపవలెనని అది చేయుట లేదు.

లోపములు

ఇక నిలిచి ప్రశ్నింపవలసిన విషయములు. మొదటిది ఎలుకకును మనిషికిని గల భేదము. నాలుగవ గ్రాహకము విషయమున ఈ భేదము సామాన్యమైనది కాదు. ఎలుకజాతుల గ్రాహకమునకును మానవ గ్రాహకమునకును నిర్మాణములో ఇంచుమించు మూడింట రెండువంతులు మాత్రమే పోలిక గలదని 2001లోనే తేలినది. మానవ గ్రాహకము హిస్టమిన్‌ను చిట్టెలుక గ్రాహకముకంటె పెక్కు రెట్లు గట్టిగా పట్టుకొనును. ఈ ఆక్షేపణ రెండువైపుల కోయు కత్తి. హిస్టమిన్ వరకు చూచినచో ఇది సిద్ధాంతమునకు హాని చేయదు. పట్టు తక్కువగల ఎలుకకే నొప్పి కలిగినప్పుడు, పట్టు ఎక్కువగల మనిషికి ఇంకను తక్కువ మోతాదుతోనే కలుగవచ్చును. కాని మందుల వరకు చూచినచో ఇది పెద్ద అడ్డంకియే. ఒక జాతిలో గ్రాహకమును అడ్డగించు పదార్థము మరొక జాతిలో దానిని కొంతవరకు ప్రేరేపించిన సందర్భములు ఈ నాలుగవ గ్రాహకము విషయముననే కలవు. కావున ఎలుకలో పనిచేసిన మందు మనిషిలో పనిచేయునని అనుకొనుట తొందరపాటు.

రెండవది మూత్రములోని హిస్టమిన్ సంగతి. అది మూడు త్రోవల రావచ్చును: తిన్న ఆహారమునుండి, మన మాస్ట్ కణములనుండి, ప్రేగులోని జీవులనుండి. మూత్రమార్గములో బాక్టీరియములున్నను లెక్క తప్పును. అంతేగాక, ప్రేగుగోడలోని డయమీన్ ఆక్సిడేసు అను ఎంజైము హిస్టమిన్‌ను చాలవరకు అక్కడనే విరుగగొట్టును. కావున మూత్రములో కనబడినది ఎవరి వాటా ఎంతయో చెప్పుట సులభము కాదు. గాజుపాత్రలోని పరీక్ష సూక్ష్మజీవుల శక్తిని చూపినదిగాని, మనిషి కడుపులో వాని వాటాను తూచలేదు.

మూడవది మూడు రోగిసమూహముల సాక్ష్యము. రోగులలో క్లెబ్సియెల్లా ఎక్కువగా నుండుట నిజమే. కాని అది జబ్బునకు కారణమా, జబ్బువలన కలిగిన ఫలితమా? ప్రేగులో వాపు కలిగినపుడు, మందులు వాడినపుడు, తిండి మార్చినపుడు ఈ కుటుంబమునకు చెందిన జీవులు పెచ్చుపెరుగుట తెలిసిన విషయమే. ఎలుకల ప్రయోగము ఈ సందేహమును కొంత తీర్చునుగాని, పూర్తిగా తీర్చదు.

నాలుగవది పథ్యము సంగతి. పులియు పదార్థములు తగ్గించినచో హిస్టమిన్ ఒక్కటియే తగ్గదు. ప్రేగులోని గాలి తగ్గును, నీరు తగ్గును, మేలుచేయునవిగా ఎన్నబడు బిఫిడో బాక్టీరియములు కూడ తగ్గును. కావున పథ్యముతో నొప్పి తగ్గినంతమాత్రమున, తగ్గించినది హిస్టమినే యని చెప్పుటకు వీలులేదు.

ఇతర సాక్షులు

ఒకరి మాట విని తీర్పు చెప్పరాదు. అమెరికాలో హ్యూస్టన్ నగరమునందలి పరిశోధకులు 2012లో ప్రకటించిన విషయము దీనికి విరుద్ధముగా కనబడును. లాక్టొబాసిల్లస్ రూటరి అను జీవి కూడ హిస్టమిన్‌ను తయారుచేయును. కాని ఆ హిస్టమిన్ రెండవ గ్రాహకమునకు తగులుకొని, వాపును పెంచు టి.ఎన్.ఎఫ్. అను పదార్థమును అణచివేయుచున్నదని వారు చూపిరి. అదే అణువు ఒకచోట నొప్పిని పెంచినది, ఒకచోట వాపును తగ్గించినది!

లియమ్ ఓ'మహోనీయు ఆయన సహచరులును ఉబ్బసరోగులను పరీక్షించిరి. పెద్దవారిలో ఉబ్బసము గలవారి ప్రేగులలో హిస్టమిన్ చేయు జీవులు ఎక్కువగా నున్నవనియు, తీవ్రమైన ఉబ్బసము గలవారిలో మార్గనెల్లా మార్గనీ అను జీవి అధికమనియు 2016లో ప్రకటించిరి. ఇది చూచి హిస్టమిన్ జీవులే ఉబ్బసమును కలిగించునని తలచు ప్రమాదము కలదు. కాని 2019లో ఆ శాస్త్రజ్ఞులే హిస్టమిన్ చేయునట్లు మార్చిన బాక్టీరియములను ఎలుకల ప్రేగులోనికి పంపగా, ఊపిరితిత్తులలోని వాపుకణములు తగ్గినవి! ఈ మేలు రెండవ గ్రాహకముద్వారా కలిగినది. కావున 'హిస్టమిన్ చేయు జీవి చెడ్డది' అను మాట శాస్త్రము కాదు. ఏ జీవి, ఎంత, ఏ తావున, ఏ గ్రాహకమునకు అను నాలుగు ప్రశ్నలకు జవాబు లేనిదే మంచి చెడ్డల నిర్ణయము కుదరదు.

మనుష్యులపై జరిగిన ప్రయత్నము మరియొక గ్రాహకమునకు సంబంధించినది. బెల్జియం దేశములోని లూవెన్ నగరమున గీ బుక్‌స్టాన్స్ బృందము, మొదటి గ్రాహకమును అడ్డగించు ఎబాస్టిన్ అను మందును ఐ.బి.ఎస్. రోగులకు ఇచ్చి 2016లో ఆశాజనకమైన ఫలితమును చూపినది. తరువాత 202 మందిపై జరిగి, 2024లో వెలువడిన పెద్ద పరీక్షలో, బాధయు నొప్పియు రెండును తగ్గినవారు మందు వాడినవారిలో నూటికి సుమారు 12 మంది. ఉత్తబిళ్ళ వాడినవారిలో నూటికి సుమారు 4 మంది. భేదము నిజమైనదే, కాని ఎంత చిన్నది! ఇక్కడనే కెనడావారి పనికి విలువ కనబడును. బెల్జియంవారు మలబద్ధము లేని రోగులను ఎన్నుకొనిరిగాని, మూత్రములోని హిస్టమిన్‌నుబట్టి ఎన్నుకొనలేదు. హిస్టమిన్ ఎక్కువగా నున్నవారిని మాత్రమే ఏరి మందు ఇచ్చియుండినచో ఫలితము ఎట్లుండెడిదో!

నాలుగవ గ్రాహకమును అడ్డగించు మందులు మాత్రము ఇంతవరకు అంగడికి రాలేదు. చర్మవ్యాధికై పరీక్షింపబడిన అట్టి మందొకటి దురదను తగ్గించు లక్షణము చూపినను, ఇద్దరు రోగులలో రక్తములోని తెల్లకణములు ప్రమాదకరముగా పడిపోవుటచే ఆ పరీక్షను ఆపివేయవలసి వచ్చెను. ఎలుకకు తగ్గిన నొప్పినుండి మనిషికి పనికివచ్చు బిళ్ళవరకు గల దూరము ఇంత!

పాఠకులకు

ఇట్టి పరిశోధనలు వార్తలైనపుడు రెండు అనర్థములు కలుగును. కొందరు అంగడికి పోయి సెట్రిజిన్ కొని కడుపునొప్పికి మ్రింగుదురు. అది మొదటి గ్రాహకమునకు సంబంధించిన మందు. ఈ పరిశోధనలో చెప్పినది నాలుగవది. ఆమ్లమునకు వాడు ఫామోటిడిన్ రెండవదానికి సంబంధించినది. పేరు ఒకటియే గదాయని ఒకదానికి బదులు ఒకటి వాడుట తాళము తెలియక చెవులన్నియు త్రిప్పినట్లగును.

మరికొందరు తిండి మానుదురు. ప్రేగులో పులియు పదార్థముల జాబితాలో ఉల్లి, వెల్లుల్లి, గోధుమ, పాలు, పప్పుదినుసులు కలవు. మన యిండ్లలో మాంసకృత్తుల కాధారము పప్పు. వైద్యుని సలహా లేక, నెలలతరబడి పప్పును, పాలను మానివేసినచో కడుపునొప్పి తగ్గవచ్చునేమోగాని ఒంటిలో సత్తువయు తగ్గును. ఈ పథ్యమును కొన్ని వారములు మాత్రమే పాటించి, తరువాత ఒక్కొక్క పదార్థమును మరల చేర్చుచు, ఏది పడదో తెలిసికొనవలెను. మన అన్నము ఈ జాబితాలో లేదను సంగతి కూడ గుర్తుంచుకొనదగినది.

తీరవాసులకు ఒక మాట. కానాగంతల వంటి చేపలను ఎండలో నిలువయుంచినపుడు, పైన చెప్పిన మార్గనెల్లా మొదలగు జీవులు వాని కండలోని హిస్టిడిన్‌ను హిస్టమిన్‌గా మార్చును. వండినను అది నశింపదు. తిన్నవారికి ముఖము ఎర్రబడుట, తలనొప్పి, దద్దురులు కలుగును. ప్రేగులో జరుగునదని కెనడావారు చెప్పు రసాయనక్రియయే ఇక్కడ చేపలబుట్టలో జరుగుచున్నది. చేపను పట్టినది మొదలు మంచులో నుంచుటయే దీనికి మందు.

మొత్తముమీద నా అభిప్రాయమిది. డి పాల్మా, బెర్చిక్ గార్ల పరిశోధన ఒక గట్టి అంచనాను నిలబెట్టినది. దానిని మనుష్యులలో నిరూపింపలేదు. హిస్టమిన్ ఎక్కువగా నున్న రోగులను ఏరి, వారిలో సగముమందికి క్షేమకరమైన నాలుగవ గ్రాహక నిరోధకమును, సగముమందికి ఉత్తబిళ్ళను ఇచ్చి చూచిననాడు ఈ వాదము తేలును. అంతవరకు ఇది చికిత్స కాదు, ఆశ. కాని ఒక మేలు మాత్రము ఇప్పటికే కలిగినది. పరీక్షలలో ఏమియు కనబడనంతమాత్రమున రోగి బాధ కల్పన కాదని, కొందరిలోనైనను దానికి తూకము వేయదగిన రసాయనకారణము ఉండవచ్చునని ఈ పని చూపినది. 'నీకు జబ్బేమియు లేదు' అనుటకు బదులు 'నీ జబ్బు నాకింకను అంతుపట్టలేదు' అని వైద్యుడు చెప్పగలిగిన, రోగికి సగము ఊరట అక్కడనే కలుగును.